స్తంభం చెప్పిన లెక్క

"ఇప్పుడు ఎవరో ఒకరు కుళాయి తిప్పారు. ఎవరో దీన్నే అడుగుదాం," అంది యంత్రాన్ని తెచ్చిన శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి.

సాగరిక టవర్స్ సెల్లార్‌లో, మధ్య స్తంభానికి బిగించిన అరచేయంత సెన్సర్ మినుకుమంది. పక్కనున్న స్క్రీన్ మీద అక్షరాలు వచ్చాయి: ఫ్లాట్ 304, వంటగది, రెండు లీటర్లు. అసోసియేషన్ ట్రెజరర్ కూర్మారావు మూడో అంతస్తుకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. నిజమే.

"అడుగుల చప్పుడు విని ఏ పిల్ల ఇంటికొచ్చిందో తల్లి చెప్పేస్తుంది కదండీ. ఇదీ అంతే. పైపులో నీరు కదిలినా, లిఫ్ట్ ఆగినా ఆ వైబ్రేషన్ గోడల గుండా ఈ స్తంభానికి చేరుతుంది. ఏది ఎవరిదో ఇది గుర్తుపడుతుంది," అందామె.

అది 2051. విశాఖపట్నంలో అద్దెకంటే మెయింటెనెన్సే జనాన్ని ఎక్కువ భయపెడుతున్న కాలం. సాగరికలో ఫ్లాట్‌కి నెలకు ఆరువేల రెండు వందలు. సగం పైగా నీళ్ల ట్యాంకర్లకే పోతోంది. నలభై ఎనిమిది ఇళ్లవాళ్లూ పక్కింటి కుళాయిని అనుమానిస్తున్నారు. ఎవరి వాడకానికి వాళ్లే డబ్బు కట్టుకోవాలని పట్టుబట్టి ఈ యంత్రాన్ని అద్దెకు తెప్పించారు.

తొమ్మిదో అంతస్తులో అద్దెకుంటున్న పైడిరాజు ఆ మాట వినగానే కూర్మారావు దగ్గరికి వెళ్లాడు. అతను హార్బర్‌లో బోట్ల బ్యాటరీలు బాగుచేస్తాడు. తల్లి బంగారమ్మకి వారానికి మూడు డయాలసిస్‌లు. ఆస్పత్రి వీధి చివరే ఉందని ఈ ఇల్లు తీసుకున్నాడు. మెయింటెనెన్స్ మూడు నెలలు బాకీ పడితే, నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఓనర్ చెప్పేశాడు.

"మాస్టారూ, మా అమ్మ లిఫ్ట్ లేకుండా దిగలేదు. దుప్పట్లు రోజూ ఉతకాలి. ఈ మిషనొస్తే మేం బతకగలమా?" అని అడిగాడు.

"ఒక్క నెల చూద్దాం పైడిరాజూ. ఓనర్‌తో నేను మాట్లాడతాను," అన్నాడు కూర్మారావు.

ఆ నెలంతా బంగారమ్మ దుప్పట్లు ఉతకనివ్వలేదు. పైడిరాజు లిఫ్ట్ వాడకుండా మెట్లెక్కి దిగాడు.

నెల తిరిగాక మీటింగ్ పెట్టారు. హైమవతి లేచి, "మోటారు ఎక్కించిన ప్రతి వంద లీటర్లలో మీ అందరి ఇళ్లకూ చేరింది యాభై ఎనిమిది," అంది.

"మిగతాది ఎవరు వాడారు?" అని ఎవరో గట్టిగా అడిగారు.

"ఎవరూ వాడలేదండీ. మోటారు వేసినప్పుడల్లా పార్కింగ్ కింద ఒకటే చప్పుడు. అక్కడ ఇల్లేమీ లేదు."

మర్నాడు తవ్వితే, సంప్ నుంచి పైట్యాంకుకి వెళ్లే పాత పైపు జానెడు మేర పగిలి కనిపించింది. రెండేళ్లుగా కొన్న నీళ్లు ఇసుకలో ఇంకిపోతున్నాయి. పైపు మార్చారు. ట్యాంకర్లు మానేశారు. మెయింటెనెన్స్ మూడువేల నాలుగు వందలకి దిగింది.

కూర్మారావు తొమ్మిదో అంతస్తుకి తనే వెళ్లాడు. "కొన్నాళ్లు పాత లెక్కే కట్టు, తగ్గింది బాకీకి జమేస్తాం. ఏడు నెలల్లో నీ బాకీ తీరిపోతుంది. ఓనర్ ఒప్పుకున్నాడు."

పైడిరాజు గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. లోపల్నుంచి బంగారమ్మే అడిగింది: "అయితే ఇక్కడే ఉంటామా నాయనా?"

"ఇక్కడేనమ్మా."

తర్వాతి మీటింగ్‌లో కొత్త బిల్లు చదివారు. వాచ్‌మన్లకి ఎనిమిది వందలు, ఊడ్చేవాళ్లకి ఆరు వందలు, లిఫ్ట్‌కి ఐదు వందలు, మోటారు కరెంటుకి నాలుగు వందలు. అన్నిటికన్నా పెద్దది యంత్రం అద్దె, పదకొండు వందలు. పాత పద్ధతిలో సమానంగానే పంచుకుందామని, యంత్రం తీసేద్దామని అందరూ చేతులెత్తారు.

కూర్మారావు మొహమాటపడుతూ హైమవతికి ఫోన్ చేశాడు. ఆమె నవ్వేసి, మర్నాడు వచ్చి సెన్సర్ విప్పుకుంది.

ఆ ఏడాది ఆ యంత్రం పదకొండు టవర్లు తిరిగింది. ఎక్కడా రెండో నెల ఉంచుకోలేదు.