పంపుహౌసు దెయ్యానికి సంతకం

చిత్తడి గట్టున ఉన్న ఆ పాత పంపుహౌసు పేరెత్తితే చాలు, చీకటి పడ్డాక అటువైపు సైకిలు తిప్పేవాడు ఉండడు. వానలు మొదలయ్యాయంటే లోపల్నుంచి మూలుగు... ఖాళీ బిందె మూతికి నోరు ఆనించి ఎవరో ఊదినట్టు — బూఁ...మ్మ్. కాసేపు ఆగి, మళ్లీ. ఎప్పుడో మోటారు బిగించడానికి వచ్చినవాడొకడు అందులో మునిగి పోయాడనీ, వాడింకా ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడనీ అంటారు.

అది దెయ్యమేనని తేల్చి చెప్పింది మాత్రం కూతల మాస్టారు.

మాస్టారికి గర్వమన్నది లేదు. ఈ దేశంలో కూసే, అరిచే, బుసకొట్టే ప్రతి ప్రాణి గొంతూ తనకొచ్చని ఆయన ఎవరికీ చెప్పుకునేవాడు కాదు — ఎదుటివాళ్లు అడిగేదాకా. అడగనివాళ్లని చూస్తే జాలిపడి, అడిగేలా మాట కలిపేవాడు. అంత వినయం.

ఆయన పనిచేసింది జంతువుల మ్యూజియంలో. మంచుకొండల గది, ఇసుక ఎడారి గది, వానల అడవి గది, ఉప్పునీటి తీరం గది, చిట్టచివర చిత్తడి గది. ప్రతి అద్దాల పెట్టె కింద ఒక మీట. నొక్కితే లోపలున్న జంతువు అరుస్తుంది. మాస్టారు ఊరు దాటి ఎరగడు గానీ, ఆ టేపులు విని విని మంచుచిరుత నుంచి ఎడారినక్క దాకా అన్నిటినీ గొంతులోకి దించుకున్నాడు. గురువు లేడు. ఉంటే ఆయనకు కూడా తనే నేర్పేవాణ్ణనేవాడు.

అందుకే రెండేళ్ల కిందట చిత్తడి వాచ్‌మన్ వచ్చి బతిమాలుకున్నాడు. "మాస్టారూ, ఆ మూలుగేదో ఒక్కసారి విని చెప్పండి. జంతువని మీరంటే నాకు కాస్త నిద్ర పడుతుంది."

మాస్టారు రోడ్డు మీదే నిలబడి, మఫ్లర్ జరిపి, చెవి ఒగ్గాడు.

"ఇలా కూసేది ఈ దేశంలో లేదు."

"అంటే?"

"నాకు తెలియని జంతువు లేదు కదా. అంచేత అది జంతువు కాదు. దెయ్యం."

వాచ్‌మన్ ఆ మాట డ్యూటీ పుస్తకంలో రాసుకుని, కింద మాస్టారి చేత సంతకం కూడా పెట్టించుకున్నాడు.

తర్వాత ఆ చిత్తడిని పూడ్చి గోడౌన్లు కట్టాలన్నారు. ఒక్క అడ్డు — అక్కడ రెల్లుకొంగ ఒక్కటైనా బతికుందని తేలితే పూడ్చకూడదు. దాన్ని ఎవరైనా చూసి ఇరవై ఏళ్లు దాటింది. సర్వేకి ఒకమ్మాయి వచ్చింది. గట్టు మీద ఏడు రాత్రులు మ్యూజియం టేపు వేస్తుంది. కొంగ ఉంటే బదులు పలుకుతుంది. ఆరు రాత్రులూ కప్పలు తప్ప ఎవరూ పలకలేదు. ఏడో రాత్రికి నిపుణుడుగా మాస్టార్ని పిలిచింది.

"నిపుణుడుగారూ, చెప్పులు జత మారాయి చూసుకోండి" అంది ఇంటావిడ గుమ్మంలోంచి.

గట్టు మీద చీకటి. సర్వే అమ్మాయి మీట నొక్కింది.

క్వీ... రుక్!

తీయటి ఈల. దేశంలో ప్రతి పిల్లాడికీ వచ్చిన కూత. రెల్లుకొంగ అనగానే రేడియోలో అదే, బళ్లో అదే.

మాస్టారు మొహం తిప్పుకున్నాడు. ఎందుకంటే... ముప్పై ఏళ్ల కిందట, మ్యూజియం తెరిచే ముందురోజు, ఆ ఒక్క పక్షికే టేపు దొరకలేదు. అదెలా కూస్తుందో ఎవరికీ తెలీదు. డైరెక్టరు తల పట్టుకు కూర్చుంటే, మాస్టారు టేపురికార్డరు పట్టుకుని బాత్రూంలో దూరి, గడియ వేసుకుని, రెండు వేళ్లు నోట్లో పెట్టి, తనకు ముద్దొచ్చినట్టు కూసి తెచ్చిచ్చాడు.

"ఎక్కడ దొరికిందయ్యా?"

"దొరికింది లెండి."

క్వీ... రుక్! క్వీ... రుక్! — చిత్తడి మీద ఆయన పడుచు గొంతు పిలుస్తూనే ఉంది. పలికేవాళ్లు లేరు.

"ఇప్పుడే వస్తానమ్మా" అని చిటికెనవేలు చూపించి మాస్టారు చీకట్లోకి నడిచాడు. తల దించుకుని నడవడంతో ఎక్కడికొచ్చాడో చూసుకోలేదు. చూసుకునేసరికి ఎదురుగా — పంపుహౌసు.

బూఁ...మ్మ్.

పరిగెత్తుదామంటే కాళ్లు మాట వినలేదు. చేతిలో టార్చి తనంతట తనే వెలిగింది. నీళ్ల వైపు గోడ కూలి, లోపలిదాకా రెల్లు పెరిగింది. ఆ రెల్లులో ఒక దుబ్బు... ఆయన వైపు చూసింది.

రెండు పసుప్పచ్చటి కళ్లు. ఆకాశానికి నిలబెట్టిన ముక్కు. చారల మెడ. ముప్పై ఏళ్లు అద్దాల పెట్టెలో ఆయన బ్రష్షుతో దుమ్ము దులిపిన మెడ!

ఆ మెడ ఉబ్బింది... ఉబ్బింది... బూఁ...మ్మ్.

మాస్టారు జత మారిన చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

"అమ్మా! ఉంది! రెల్లుకొంగ ఉంది!"

"కూసిందా?" అమ్మాయి లేచి నిలబడింది.

"ఇప్పుడు వినలేదూ? ఆ మూలుగే!"

అమ్మాయి మళ్లీ కూర్చుంది. "ఏడు రాత్రులుగా వింటున్నాను మాస్టారూ. అది దెయ్యమని వాచ్‌మన్ పుస్తకంలో మీ సంతకమే ఉంది." అయినా మంచిపిల్ల, టార్చి తీసుకుని వెంట వచ్చింది. అంత అరిచాక ఏ పక్షి ఉంటుంది? లోపల రెల్లు ఊగుతోంది, అంతే.

"టేపుతో సరిపోవాలండీ. సరిపోనిది రాయడానికి వీల్లేదు."

మాస్టారు మఫ్లర్ విప్పాడు. ఆ మాట గొంతు దాటడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

"ఆ టేపులో ఉంది కొంగ కాదు తల్లీ... నేను."

"మీరా?"

"నా ఈల."

"అయితే ఒక్కసారి వెయ్యండి. నిజమని తేలితే ఇప్పుడే రాస్తాను."

మాస్టారు రెండు వేళ్లూ నోట్లో పెట్టాడు. ముందుపళ్లు రెండూ కిందటేడు ఊడిపోయాయి. ఫుస్స్... మళ్లీ ఊదాడు. ఫుస్స్... కళ్లలో నీళ్లు తిరిగేదాకా ఊదాడు.

అమ్మాయి నవ్వలేదు. అదే ఆయనకు ఎక్కువ బాధేసింది. "తుంపర పడుతోంది మాస్టారూ, ఇంటికెళ్లండి" అని, కాగితం మీద రాసుకుంది — కూత లేదు.

నెల తిరిగేసరికి లారీలు మట్టి పోసేశాయి. రెల్లు లేదు, నీళ్లు లేవు, కప్పలు కూడా లేవు. పంపుహౌసొక్కటీ మిగిలింది. దాన్ని పడగొట్టడానికి కూలీలు ఒప్పుకోలేదు; వాచ్‌మన్ పుస్తకం తెరిచి సంతకం చూపించాడట.

ఇప్పటికీ వానాకాలం రాత్రుళ్లు అందులోంచి మూలుగు వినిపిస్తూనే ఉంది. గోడౌన్ల డ్రైవర్లు అటువైపు లైట్లు కూడా కొట్టరు. వాచ్‌మన్ మాత్రం భయపడడం మానేశాడు. ఒక్కోసారి గుమ్మం దగ్గర ఫ్లాస్కుతో టీ పెట్టి వస్తాడు.

లోపల ఖాళీ బిందె మూతికి నోరు ఆనించి కూర్చుని ఉంటాడు కూతల మాస్టారు. మెడ ఉబ్బించడం వచ్చింది. ఊపిరి బిగపట్టడం వచ్చింది. చివర్లో నీళ్లలోకి దిగిపోయినట్టుండే ఆ "మ్మ్" మాత్రం ఆయనకు ఇంకా రాలేదు.