నీలం పొడి

“ల్యాబ్ రహస్యం అమ్మేది ఆ శాస్త్రవేత్తేనని నా అనుమానం,” అన్నాడు చీఫ్. “హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం రేణువులు కార్బన్ మీద కూర్చుంటాయి. బండి ఆపి స్టార్ట్ చేసిన ప్రతిసారీ కార్బన్ కొంత అరిగి, ప్లాటినం రాలిపోతుంది. ఆవిడ కార్బన్ తీసేసి నీలం రంగు మెటల్ ఆక్సైడ్ పొడితో పీట వేసింది. అది చెక్కుచెదరడం లేదు. విదేశీ ముఠా కన్ను పడింది. వెళ్లు.”

ఏజెంట్ గద్ద సిలిండర్ల మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో చేరాడు. శాస్త్రవేత్త మొదటి రోజే అతన్ని “తమ్ముడూ” అని పిలిచి, తన క్యారియర్‌లోంచి సగం భోజనం పెట్టింది. అతను కడుపునిండా తిని, ఆ క్యారియర్ అడుగునే మిరియం గింజంత మైక్ అంటించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనని మనసు పొడిచింది. డ్యూటీ అని సర్దిచెప్పుకున్నాడు.

రికార్డింగులన్నీ నెమలికి వెళ్లేవి. ల్యాబ్‌కు మెషిన్లు అమ్మే మేడమ్‌గా ముఠాలో చొరబడిన డిపార్ట్‌మెంట్ ఏజెంట్ ఆమె. ఆమె ఎదురుపడితే గద్దకు కోడ్ వర్డ్ కూడా తడబడేది.

ఒక రోజు ల్యాబ్ కారిడార్‌లో ఎదురైంది.

“వాన వచ్చేలా ఉంది.”

“గొడుగు... ఇంట్లో మర్చిపోయాను.”

నెమలి నవ్వి, లిప్‌స్టిక్ బ్యాగులో వేసుకుని లిఫ్ట్ ఎక్కింది. లిప్‌స్టిక్ మూత మీద నీలం మరక!

కార్బన్ అయితే మసి నలుపు. నీలంగా ఉండేది అక్క పొడి ఒక్కటే. అది ఉన్న అలమర నంబర్ అక్క ఒక్కసారే పైకి గొణుక్కుంది, భోజనం చేస్తూ. విన్నది మైక్. పెట్టింది తను.

గద్ద లిఫ్ట్ వైపు ఉరికాడు. మూసుకుంటున్న తలుపుల మధ్య స్పానర్ దూర్చాడు.

“తప్పుకో!” నెమలి చేతిలో పిస్టల్ మెరిసింది. “నువ్వు వినిపించిందే నేను అమ్ముకుంటున్నాను.”

స్పానర్ గిర్రున తిరిగింది. పిస్టల్ ఒకవైపు, బ్యాగు ఒకవైపు పడ్డాయి; లిప్‌స్టిక్ మూత ఊడి నీలం పొడి ఒలికింది. బయట ఆమె కోసం కాచుకున్న ముఠా కారు గేటు దాటేలోపే గార్డులు చుట్టుముట్టారు.

చీఫ్ మెచ్చుకున్నాడు. గద్ద మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు. సెక్యూరిటీవాళ్లు అక్కకు మైక్ సంగతితో సహా అంతా చెప్పేశారు మరి.

మర్నాడు వీడ్కోలు చెప్పడానికి వెళ్లి తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె క్యారియర్ విప్పి, ఒక్కో గిన్నె పైకెత్తి అడుగు చూపించింది.

“చూసుకున్నావుగా? ఇక తిను తమ్ముడూ. ఈరోజు వినేది నువ్వొక్కడివే.”