మూడో ఆకు

"అమ్మా, నా గిన్నెలో చింతపండు నానేసినావా?"

సుజాతమ్మ వెనక్కి తిరగలేదు. పొయ్యి మీద ఒబ్బట్ల పూర్ణానికి శనగబేడలు ఉడుకుతున్నాయి. "గిన్నె ఉండేది నానేసేదానికి గాక మొక్కేదానికా? చేతికి దొరికింది, ఏసినా."

"వెలుతురు చూసి పెట్టుకున్న గిన్నెలమ్మా అవి! ఒకటి కదిపితే బొమ్మంతా పోతాది."

"ఇల్లంతా నీ గిన్నెలే. పండగ పూట వంట యాడ పెట్టేది, నీ బొమ్మ మీదనా?"

వినుత బెంగళూరులో చిత్రకళ చదువుతోంది. తానే మట్టి పిసికి, కాల్చి చేసిన గిన్నెలను తానే రంగుల్లో వేస్తుంది. మహాలయ అమావాస్యకు చింతామణి దగ్గరి సొంతూరికి వచ్చినా పని ఆపలేదు. నడవ గోడకు ఆనించిన ప్రతి బొమ్మలోనూ నాలుగు గిన్నెలు. మూడింటిలో పాలో, ఉప్పో, టమాటోలో ఉంటాయి. నాలుగోది, నీలం గిన్నె, ఎప్పుడూ ఖాళీ. దొరికినవన్నీ వాడేసే సుజాతమ్మ కూడా ఆ ఒక్కదాన్ని తాకదు.

అది వినుత అన్న కిశోర్‌ది. మూడేళ్ల కిందట శిడ్లఘట్టలో పట్టుగూళ్లు అమ్మి, బండి మీద తిరిగి వస్తూ లారీ కింద పోయాడు. అప్పటినుంచి తండ్రి గంగాధరప్ప ఆ పేరు పలకలేదు. ఆ అమావాస్యనాడు పోయినవాళ్లకు ఆకులు వేసి వడ్డిస్తారు. కాసేపు తలుపు మూసి, వాళ్లు తిని పోయాక ఇంటివాళ్లు తింటారు. ఆయన తన తల్లిదండ్రులకు రెండాకులే వేస్తాడు.

ఆ మధ్యాహ్నం దేవుడి గదిలో మూడున్నాయి. మూడో ఆకు పక్కన నీలం గిన్నె.

"ఎవరేసినారు ఇది?"

"నేనే అప్పా."

"తీసెయ్."

"తియ్యను."

"ఇది పెద్దలకు ఏసే ఆకమ్మా! నేను కన్న కొడుకు నాకు పెద్దోడెట్లయితాడు? వాడు నాకు ఏయాల. నేను వాడికి ఏసేదా?"

"మరి వాడేం తినాలప్పా?" వినుత నీలం గిన్నెను ఆకు దగ్గరికి జరిపింది. "తాత తింటాడు, అవ్వ తింటాది. వాడు మాత్రం గడప బయటే. బ్రష్షు పట్టుకుంటే నా ఎనకాలే నిలబడుకుంటాడు. ఆ గిన్నెలో ఏం వేద్దామన్నా చెయ్యి రాదు. మూడేండ్లుగా అదే బొమ్మ వేస్తాండా. ఇంకోటి రాకుంటే చదువు మానేస్తా."

వంటింటి గుమ్మంలోంచి సుజాతమ్మ మెల్లగా అంది. "నా కాడికీ వస్తాడు. పొయ్యి పక్కన నిలబడి, ఏం చేస్తాండావమ్మా అంటాడు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు."

గంగాధరప్ప నడవలోకి వెళ్లాడు. ఒక్కో బొమ్మ ముందూ నిలబడ్డాడు. అన్నిటిలోనూ నీలం గిన్నె అడుగు, ఎవరో వేళ్లతో తుడుచుకు తిన్నట్టు నున్నగా ఉంది.

తిరిగి వచ్చి మూడో ఆకు ముందు కూర్చున్నాడు. ఒబ్బట్టు వేశాడు. నీలం గిన్నె నిండా నెయ్యి పోశాడు. "ఒబ్బట్టు మునిగేటట్లు పొయ్యాల వాడికి," అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. తలుపు మూశాడు.

ముగ్గురూ బయట కూర్చున్నారు. లోపల గిన్నె కదిలినట్టయింది. ముగ్గురూ విన్నారు. ఎవరూ లేవలేదు.

తరువాత భోజనాల దగ్గర గంగాధరప్ప అన్నం కలుపుతూ ఆగాడు.

"ఇంక మీద ప్రతి ఏడూ కిశోర్‌కు నేనే ఏస్తా."

ఆ పేరు ఆయన నోట విని సుజాతమ్మ గరిటె పట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"వినూ, ఆ గిన్నె చాలదమ్మా. వాడు తిండిపోతు. వచ్చే ఏటికి ఇంకొంచెం పెద్దది చెయ్."