జమ్లి రాసిన ‘లేదు’

అన్నం బెల్లు కొట్టే వేళకు బాన్సువాడ బడి పిల్లలు అడవి చూసి తిరిగొచ్చారు. పొద్దున బయల్దేరేటప్పుడే అడవిని ముక్కలుగా పంచి, వెతకడానికి ఒక్కొక్కరికి ఒక ముక్క ఇచ్చారు. చెట్టుకొమ్మను పట్టుకుని, గాలిలోకి వేళ్లు వేలాడేసి బతికే ఆర్కిడ్ మొక్క కనబడితే ‘ఉంది’ అని రాయాలి. కనబడకపోతే ‘లేదు’ అని రాయాలి.

“నాకు మూడు దొరికినయ్. నీకో?” సంజీవ్ అడిగాడు.

రాళ్లగుట్ట ముక్క వచ్చిన జమ్లి తన కాగితాన్ని వెనక దాచుకుంది.

“గుండుసున్నానా? గుట్ట మీద రాళ్లు లెక్కవెట్టి వచ్చినవా ఏంది?”

అందరూ నవ్వారు. జమ్లికి రోషం వచ్చింది.

“నాకు గూడ దొరికింది, పో!”

కాగితం మీద ‘ఉంది’ అని రాసి ఇచ్చేసింది.

వారం తర్వాత, మొక్కల మీద పరిశోధన చేసే సుజన మేడం ల్యాప్‌టాప్ తెచ్చారు. తెర మీద అడవి మ్యాప్ ఉంది.

“మీకు దొరికిన చోట్లను చూసి, ఇంకా ఎక్కడ ఉండొచ్చో కంప్యూటర్ అంచనా కట్టింది. ఎర్ర రంగున్న చోట ఉండొచ్చన్నట్టు.”

సంజీవ్‌కు మూడు దొరికిన వాగొడ్డున సన్నటి ఎర్ర గీత. రాళ్లగుట్టలు మాత్రం ఒకటీ రెండూ కాదు, అన్నీ ఎర్రగా ఉన్నాయి.

“జమ్లికి రాళ్లగుట్ట మీద దొరికింది గదా. అందుకే అసొంటి గుట్టలన్నీ ఎర్రగైనయ్. ఈ మొక్కలను ఎవరూ నరకకుంట చూసెటందుకు మనకు కాపలా మనిషి ఒక్కడే. రేపటి సంది గుట్టలకు పంపుతం.”

“మరి వాగొడ్డు, మేడం? ఆడ కొమ్మలు నరుకుతుండ్రు,” అంది జమ్లి.

“తెలుసు. ఒక్కడు రెండు దిక్కుల ఎట్లుంటడు?”

 జమ్లి లేచి నిలబడింది.

“గుట్టకు పంపకుండ్రి మేడం. ఆడ ఏం లేదు. నేను అబద్ధం రాసిన.”

సంజీవ్ కిసుక్కుమన్నాడు. జమ్లి అతని వైపు తిరిగింది.

“నవ్వు. ఎంత నవ్వుతవో నవ్వు. రెండు గంటలు తిరిగిన. ఒక్కటి గూడ లేదు!”

“గా మాట అప్పుడే రాయొద్దా?” మేడం గొంతు కటువుగా ఉంది. జమ్లి రాసిన ‘ఉంది’ని ‘లేదు’గా మార్చి, మళ్లీ అంచనా కట్టమని మీట నొక్కారు. కాసేపటికి గుట్టలన్నీ తెల్లబడ్డాయి. వాగొడ్డు చిక్కటి ఎరుపైంది. మరునాడు కాపలా మనిషి వాగొడ్డుకే వెళ్లాడు.

తర్వాతి శనివారం జమ్లికీ సంజీవ్‌కూ కలిపి ఒక ముక్క వచ్చింది. పొద్దంతా తిరిగారు. ముళ్లు గీరుకున్నాయి. ఆర్కిడ్ జాడ లేదు.

“ఉందని రాయి. గీడికి ఎవడొచ్చి చూస్తడు?” సంజీవ్ చెప్పులోని ముల్లు తీసుకుంటూ అన్నాడు.

“నేను చూసిన గదా.”

జమ్లి రాతి మీద కాగితం పెట్టి, పెద్ద అక్షరాలతో ‘లేదు’ అని రాసింది. కింద తన పేరు పెట్టింది. పెన్ను సంజీవ్ చేతికిచ్చింది.