ఓర్లీనాకు ఎవరూ లేరు

మే నెల మూడో ఆదివారం లెడ్‌బెటర్లు వంశమంతా కలిసి తమవాళ్ళ సమాధులను శుభ్రం చేసుకుంటారు. నేను కొండ మీదికి చేరేసరికి ఇరవై ముప్పై మంది ఉన్నారు. ఆడవాళ్ళు గడ్డి కోస్తున్నారు. మగవాళ్ళు చలికాలంలో ఒరిగిపోయిన రాళ్ళను నిలబెడుతున్నారు. దేవదారు చెట్ల కింద పొడవాటి బల్లల మీద వేయించిన కోడి, ఉడికించిన చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె ఉన్నాయి. ఈగలు వాలకుండా వాటి మీద పాత దుప్పట్లు కప్పారు. కంచె అవతల ఆవులు తలలెత్తి మమ్మల్ని చూస్తున్నాయి.

నా పేరు మార్లీన్. నాష్‌విల్‌లో ఒక దినపత్రికకు ముప్పై ఏళ్ళు మరణవార్తలు రాసి రిటైరయ్యాను. మా అమ్మ అనాథాశ్రమంలో పెరిగింది. తన తల్లి గురించి ఆమెకు తెలిసింది పేరు ఒక్కటే, ఓర్లీనా. అమ్మ పోయాక నేను ఉమ్మితో చేసే డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాను. ఈ లోయలోని లెడ్‌బెటర్లు నా రక్తసంబంధీకులని తేలింది. నాకిక మిగిలింది కూతురు టెస్సా, ఆమె నాలుగేళ్ళ కొడుకు వ్యాట్. వాడికి చెప్పుకోవడానికి ఒక వంశం ఉండాలని నా కోరిక.

ఈ ఆదివారానికి ముందే ఒకసారి వచ్చి పరిచయం చేసుకున్నా, ఓర్లీనా పేరు మాత్రం నేను వాళ్ళ దగ్గర ఎత్తలేదు. మన దగ్గరున్నది ముందే బయటపెడితే ఎదుటివాళ్ళు అంతవరకే మాట్లాడతారు. ఉద్యోగం నేర్పిన జాగ్రత్త అది.

వెతకాల్సిన పని కూడా లేకపోయింది. అక్కడి సమాధులన్నీ ఒకే తీరు. రెండు రాతి పలకలను ఇంటి కప్పులా ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు. వాన పడదు, పశువులు తొక్కవు. రెండు చివర్లూ తెరిచే ఉంటాయి. ఒక్కదానికి మాత్రం చివర్లు రాళ్ళతో, సున్నంతో మూసేశారు. పైన ఇనుప పట్టీ బిగించారు. పలక మీద పేరు ఒక్కటే ఉంది. పక్కన వాగులోంచి తెచ్చిన ఆరు చిన్న రాళ్ళు వరుసగా పాతి ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు.

నేను చీపురుతో దాని దగ్గరికి వెళ్ళేసరికి, ఆ వంశానికి పెద్ద అయిన ఆటిస్ మావయ్య కూతురు జూనీ అటుగా వచ్చింది.

“ఇదెవరిది జూనీ?”

“ఎవరిదీ కాదు. చీపురు అటు తిప్పకు వదినా, నడుం పట్టేస్తుంది.”

“పేరుంది కదా. ఓర్లీనా అని.”

“పట్నంలో చదువుకున్నదానివి, చదివేశావు. ఇంక చాలు.”

“పిల్లలున్నారా ఆవిడకి?”

“లేరు.”

నా ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది ఆ జవాబు. అబద్ధం చెప్పేవాళ్ళకే అంత తొందర. పెళ్ళయి వచ్చిన ఇంట్లో ఈమెకేదో అన్యాయం చేశారని, బిడ్డను లాక్కున్నారని, చచ్చాక కూడా మూలకు తోశారని నేను అక్కడికక్కడే తేల్చేసుకున్నాను.

భోజనాలయ్యాక పిలుపు మొదలైంది. తొంభైకి దగ్గరపడిన ఆటిస్ మావయ్య కుర్చీలోంచి లేచి, టోపీ తీసి, చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలుస్తాడు. ఆ పేరుగల మనిషి సంతానంలో ఎవరో ఒకరు “ఉన్నాం” అంటారు. వచ్చినవాళ్ళు, రానివాళ్ళు ఎవరెవరో చెబుతారు. జోకులు వేసుకుంటారు. ఒకాయన తన ముగ్గురు కొడుకుల పేర్లు చెబితే, “నాలుగోవాడు జైల్లో ఉన్నాడని చెప్పవేం?” అని వెనకనుంచి ఎవరో అరిచారు. అంతా నవ్వారు.

“ఓర్లీనా,” అన్నాడు మావయ్య.

నవ్వులు ఆగిపోయాయి. మగవాళ్ళు నేల చూశారు. జూనీ కళ్ళు మూసుకుంది. మావయ్యే “ఎవరూ లేరు,” అన్నాడు. అందరూ ఒకే గొంతుతో, “ఎవరూ లేరు,” అన్నారు. చిన్నపిల్లలు కూడా. బాగా అలవాటైన మాటలా అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. నా చేతిమీదుగా వెళ్ళిన ఏ మరణవార్తలోనూ చివరి పేరా ఖాళీగా పోలేదు. మిగిలినవాళ్ళ పేరు, వరస, ఊరు, వయసు... తాగి రోడ్డు పక్కన చచ్చిన మనిషికి కూడా ఎవరినో ఒకరిని వెతికి పట్టుకునేదాన్ని.

“ఉన్నాం,” అన్నాను లేచి నిలబడి. “మనవరాలు మార్లీన్, నాష్‌విల్, అరవై ఏళ్ళు. మునిమనవరాలు టెస్సా, నాష్‌విల్, ముప్పై రెండు. టెస్సా కొడుకు వ్యాట్, నాలుగేళ్ళు.”

ఎవరూ నన్ను తిట్టలేదు. అదే ముందు భయపెట్టింది. ఒక తల్లి లేచి తన పిల్లాణ్ణి చంకనేసుకుని కొండ దిగసాగింది. తక్కినవాళ్ళు బల్లల మీదవి సర్దుతున్నారు. తినని కోడి ముక్కలను గిన్నెల్లోకి కాకుండా గడ్డిలోకి దులిపేస్తున్నారు.

“వయసు కూడా చెప్పింది,” అంది జూనీ, ఎవరితోనో. “అడక్కుండానే.”

ఆటిస్ మావయ్య నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

“ఆ ఆరు రాళ్ళూ చూశావుగా. ఆవిడ పిల్లలే. ఒడిలో వేసుకుని ఊపేది. రొమ్ముకేసి అదుముకుని, ఊపిరి ఆగేదాకా ఊపేది. మొదటి ఐదుగురినీ దేవుడు తీసుకెళ్ళాడనుకున్నారు మావాళ్ళు. ఆరోదాన్ని ఆవిడ మరిది, మా నాన్న, కళ్ళారా చూశాడు. ఏడోది పుట్టిన పూటే దాన్ని దుప్పట్లో చుట్టి పట్నం తీసుకుపోయి ఆశ్రమంలో ఇచ్చాడు. చచ్చి పుట్టిందని ఆవిడకి చెప్పాడు. నమ్మలేదు. వెతుకుతూనే చచ్చింది. చచ్చాక కూడా వెతికింది... అందుకే ఆ సున్నం, ఆ ఇనుము. ఏటా ఎవరూ లేరని చెబుతూ వచ్చాం. ఇన్నేళ్ళకి నమ్మింది.”

“ఏడోది మా అమ్మ.”

“ఇప్పుడు తెలిసింది. వచ్చిన రోజే ఆ పేరు చెప్పుంటే గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు.”

“అయితే నేను అబద్ధమాడానని చెప్పండి మావయ్యా!”

“ఆవిడ వినేసింది కదమ్మా.” ఆయన టోపీ పెట్టుకున్నాడు. “పలికినవాళ్ళే సమాధి ఊడవాలి. ఆవిడ మనిషివి నువ్వు. మావాళ్ళెవరూ చెయ్యి వెయ్యరు.”

అప్పుడే జూనీ మొగుడు డేల్ వాగు వైపు నుంచి రెండు రాళ్ళు మోసుకొచ్చాడు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆరు రాళ్ళ వరుస చివర గడ్డి మీద పడుకోబెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“అవెందుకు?”

“వాగు నుంచి ఇక్కడికి చాలా ఎత్తు,” అన్నాడు. “మళ్ళీ మళ్ళీ మొయ్యలేను.”

నేను నమ్మలేదు. ఒక ఇంటి కోడలిని తొంభై ఏళ్ళపాటు రాక్షసిని చేసి ఆడిపోసుకున్నారనే అనుకున్నాను. అందుకే అందరూ వెళ్ళినా మొండిగా ఉండిపోయి, పలకల మీది నాచు గీకాను, చుట్టూ ఊడ్చాను. కింద ఒక్కొక్క బండీ స్టార్టవుతూ దూరమైంది. ఎండ దేవదారు కొమ్మల వెనక్కి జారింది. గాలి ఆగిపోయింది. ఆవులు కంచె దగ్గరనుంచి ఎప్పుడు వెళ్ళిపోయాయో గమనించలేదు.

ముందు వాసన వచ్చింది. కాచిన పాల వాసన. తర్వాత తడి ఊలు వాసన.

తర్వాత చప్పుడు. చెక్క మీద చెక్క ఒరుసుకుంటున్నట్టు... కిర్రు... కొంచెం ఆగి, మళ్ళీ కిర్రు. చెట్టుకొమ్మేమో అనుకుని పైకి చూశాను. ఒక్క ఆకు కదలడం లేదు. చప్పుడు నా మోకాళ్ళ కింద నుంచి వస్తోంది. రెండు పలకలు కలిసే చోట వేలు పట్టేంత సందు ఉంది. ఆ సందులోంచి వెచ్చని గాలి నా చెంపకు తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది.

కిర్రు ఆగిపోయింది.

“వాడికి...” అంది సందులోంచి ఒక ఆడగొంతు గుసగుసగా, చాలా మర్యాదగా. “వాడికి ఎన్నేళ్ళన్నావమ్మా?”

నాలుగు అనే మాట నా నోటిదాకా వచ్చింది. అడిగిన వెంటనే సరైన వివరం ఇవ్వడం అలవాటు. అరచెయ్యి కొరుక్కుని ఆపుకున్నాను. కొండ ఎలా దిగానో గుర్తు లేదు.

ఫోన్‌కు సిగ్నల్ అందగానే టెస్సాకు చేశాను. వ్యాట్ బాగానే ఉన్నాడు. జల్లెడలోంచి ఇసుక పోస్తూ ఆడుకుంటున్నాడు. జూన్‌లో బాగానే ఉన్నాడు. జూలైలో ఈత నేర్చుకున్నాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం నిద్రలో పోయాడు. గది తలుపు వేసే ఉంది. ఊపిరాడక పోయాడన్నారు డాక్టర్లు. ఏం అడ్డుపడిందో చెప్పలేకపోయారు. వాడి ముక్కు, ఒక వైపు చెంప చదునుగా నొక్కుకుపోయి ఉన్నాయి. ఎవరో చాలాసేపు గుండెలకు హత్తుకున్నట్టు. వాడి మరణవార్త నేనే రాశాను. చివరి పేరాలో నా పేరు కూడా వేసుకున్నాను.

చలికాలమంతా ఆటిస్ మావయ్యకు ఫోన్లు చేశాను. మొదట తీసేవాడు కాదు. చివరికి ఒకసారి తీసి అన్నాడు. “నువ్వు పేరు చెప్పినవాళ్ళలో మిగిలినవాళ్ళంతా వచ్చి, ఎవరూ లేరని మీ నోటితోనే చెప్పండి. సొంత రక్తం చెబితే వింటుందేమో. వినకపోవచ్చు కూడా. నన్నిక విసిగించకు.”

టెస్సాకు అంతా చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆగస్టు తర్వాత నాతో సరిగా మాట్లాడిందీ లేదు. అయినా మే నెలలో కారెక్కింది. “నువ్వు ఒక్కదానివీ ఆ కొండెక్కి పిచ్చిగా అరుస్తుంటే నాకు తర్వాత తలనొప్పి,” అంది.

మమ్మల్ని చూసి ఎవరూ పలకరించలేదు. మా కోసం ఒక బల్ల దూరంగా వేశారు. గడ్డి మీద పడుకోబెట్టిన రాళ్ళలో చిన్నది ఇప్పుడు నేలలో పాతి, నిటారుగా ఉంది. డేల్ వైపు చూశాను. అతను రెండు చేతులూ ఎత్తి అడ్డంగా తల ఊపాడు.

పిలుపు మొదలైంది. టెస్సా చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

“ఓర్లీనా.”

అంతా నేల చూశారు. నేను పెదాలు బిగించాను. మావయ్య చేతిలోని టోపీ ఒకసారి తిప్పాడు.

“ఎవరూ లేరు,” అన్నాడు.

“ఎవరూ లేరు,” అన్నారందరూ. టెస్సా అంది. నేనూ అన్నాను. గట్టిగా, స్పష్టంగా అన్నాను. అన్న తర్వాత నోరు మూసుకున్నాను. ఇది నాకు కచ్చితంగా తెలుసు. పళ్ళ మధ్య పెదవి ఉంది, రక్తం రుచి కూడా తగిలింది.

“ఉన్నాం,” అంది ఒక గొంతు.

నా గొంతు.

“మనవరాలు మార్లీన్, నాష్‌విల్, అరవై ఒకటి. మునిమనవరాలు టెస్సా, నాష్‌విల్, ముప్పై మూడు.” తొందర లేదు. నేను మరణవార్త చదివి సరిచూసుకునే తీరులోనే సాగింది. “టెస్సా కూతురు రోసలిన్, నాష్‌విల్...”

వయసు దగ్గర ఆగింది.

రోసలిన్ అనే పేరు మా ఇంట్లో ఎవరికీ లేదు. నేనెప్పుడూ వినలేదు. ఎవరు మాట్లాడారో చూద్దామని తలెత్తాను. ఎవరూ సమాధి వైపు చూడటం లేదు. జూనీ, డేల్, పిల్లలు, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

టెస్సా నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, నా నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఆ పేరు నేనింకా ఎవరికీ చెప్పలేదు,” అంది. “అమ్మా... నీకెవరు చెప్పారు?”