తీగ కింద ఇల్లు

ఆదివారం వస్తే మేం లోయలోకి దిగి తీగ కోసేవాళ్ళం. జీతం బత్తెం లేని పని. బళ్ళో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు మమ్మల్ని పోగుచేశారు. మందుల షాపులో పనిచేసే నేను, బట్టలు కుట్టే మా వదిన, వ్యాను నడిపే మా అన్నయ్య, ఇంకొంతమంది. ఎప్పుడో ఎవరో కంచె కోసమని పరాయిదేశం నుంచి తెచ్చి నాటిన తీగ లోయనంతా మింగేసింది. చెట్ల మీదికి పాకి, ఎండ పొడ తగలకుండా కప్పేసి, ఆ నేలలో పుట్టిన మొక్కలన్నిటికీ ఊపిరాడకుండా చేసింది. దాని మొదలు వెతికి కోసి, వేరుతో సహా పెళ్ళగించి, ఖాళీ అయిన చోట పాత మొక్కల విత్తనాలు చల్లడం మా పని.

నన్ను ఇందులోకి లాగింది వదినే. "ఆడపడుచు అర్ధమొగుడన్నారు. మీ అన్నయ్య ఎలాగూ వ్యాను దిగడు. ఆయన వంతు నువ్వు చెయ్యి" అంటూ నా చేతికి తొడుగులిచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. తను అడిగితే కాదనడం నాకు చేతకాదు.

ఆ వానాకాలం మా అందరికీ ఒకటే బెంగ. లోయని రాళ్ళ క్వారీకి ఇచ్చేస్తున్నారని తెలిసింది. మాస్టారు గనుల ఆఫీసుకి వెళ్ళి బతిమాలితే, "పిచ్చితీగ తప్ప అక్కడ కాపాడాల్సింది ఏముందండీ?" అన్నారట. చుక్కమొక్క అని ఒకటుండేది. జానెడు ఎత్తు, తెల్లటి చిన్న పువ్వు. ఆ లోయలో తప్ప ఇంకెక్కడా మొలిచేది కాదు. మాస్టారు చదువుకునే రోజుల్లో చూశారు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. అది ఒక్కటి దొరికితే క్వారీ ఆగుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నానికే మబ్బు కమ్మింది. మాస్టారు ఈల వేసి అందర్నీ పైకి రమ్మన్నారు. వదిన కదల్లేదు.

"రేపోమాపో మిషన్లు దించుతారు. ఇంకాస్త లోపలికి పోదాం."

"తడిస్తే అన్నయ్య తిడతాడు వదినా."

"ఆ తిట్లకి గొడుగు పట్టడం నాకు అలవాటేలే."

తీగ గుబురులోకి సొరంగంలా కోసుకుంటూ పోయాం. ముందు వదిన, వెనక నేను. నిలబడే వీల్లేదు, మోకాళ్ళ మీద పాకడమే. పైన వాన మొదలైనట్టు చప్పుడు వినబడుతోంది గానీ ఒక్క చుక్క కూడా కిందికి దిగడం లేదు. కుళ్ళిన ఆకుల వాసన. పసరు వాసన. గాలి లేదు. మా ఊపిరే తిరిగి మా మొహాన కొడుతోంది.

వదిన రంపం దేనికో తగిలి కీచుమంది.

గోడ. పాచి పట్టిన ఇటుకలు. దానికో కిటికీ. నా చెయ్యంత లావున్న తీగలు కిటికీకి అడ్డంగా అల్లుకుపోయాయి. లోపల ఇల్లుందని మాకెవరూ చెప్పలేదు. వాటిని కొయ్యడానికి చాలాసేపు పట్టింది. కోసిన సందులోంచి వదిన లోపలికి దూరింది. తలకి కట్టుకున్న లైటు వెలుతురు గోడల మీద తిరిగింది. నేల మీదికి దిగి అక్కడే ఆగిపోయింది.

నేనూ దూరాను.

పైకప్పు ఎప్పుడో కూలిపోయినట్టుంది. దాని బదులు తీగే కప్పయి కూర్చుంది. నేలమీద గచ్చు లేదు, మట్టి. ఆ మట్టి నిండా చుక్కమొక్కలు. వరసల్లో. ఎండ ఎరగని ఆ చీకట్లో ఒక్కో మొక్కకీ ఒక్కో తెల్లటి పువ్వు.

వదిన కళ్ళనిండా నీళ్ళు. "బతికే ఉంది అమ్మడూ... బతికే ఉంది" అంటూ నా భుజం నొక్కేసింది. నాకూ గుండె పొంగింది. అప్పుడు చూశాను. మొక్కల మొదళ్ళు తడిగా ఉన్నాయి. వరసల మధ్య గడ్డి పరక లేదు. పీకిన కలుపు గోడవార కుప్పగా పోసి ఉంది. చేత్తో పట్టుకుని చూశాను. ఇంకా వాడలేదు.

"వదినా... ఇది ఇప్పుడే పీకింది."

"మనవాళ్ళెవరో వచ్చుంటారు."

"ఎటునుంచి వచ్చారు?"

వదిన లైటు నాలుగు గోడల మీదా తిప్పింది. పక్కగదికి గుమ్మం ఒకటుంది. మిగతా అంతా తీగ గట్టిగా బిగిసిపోయి ఉంది. బయటినుంచి దారంటూ ఉంటే అది మేం కోసుకొచ్చిందే.

"పోదాం పద" అన్నాను.

"చెబితే నమ్మరు. చేతిలో పెట్టాలి" అని గొణిగింది వదిన. తొడుగు తీసేసి, వేళ్ళతో మట్టి తవ్వి, ఒక మొక్కని వేళ్ళతో సహా పైకి తీసింది.

పక్కగదిలో ఒక చప్పుడు ఆగింది. పుటుక్... పుటుక్... గడ్డి పీకుతున్న చప్పుడు. మేం వచ్చినప్పటినుంచీ ఉందేమో. ఆగిపోయాక గానీ అది వినబడుతోందని మాకు తెలియలేదు.

అవును. ఆగిపోయింది.

"ఎవరమ్మా... పీకింది?"

ముసలావిడ గొంతు. కోపం లేదు. పిల్లల్ని అడిగినట్టు, మెల్లగా.

"పెట్టెయ్" అన్నాను వదినతో, గుసగుసగా. తను మోకాళ్ళ మీద కూలబడి గుంటలో మొక్క పెట్టి మట్టి కప్పింది. అరచేత్తో అదిమింది.

"లోతుగా పెట్టు తల్లీ."

ఈసారి గొంతు గుమ్మం దగ్గర. లైటు అటు తిప్పడానికి నా మెడ తిరగలేదు.

"ఇంకా... లోతుగా."

వదిన మణికట్టు మట్టిలోకి దిగింది. తను దించడం లేదు. మొహం చూస్తే తెలుస్తోంది. మోచెయ్యి దాకా దిగింది.

"వేళ్ళు..." అంది వదిన. "అమ్మడూ, వేళ్ళు... చుట్టుకుంటున్నాయి."

మొక్క వేళ్ళో, మనిషి వేళ్ళో. నేను అడగలేదు. తన నడుం పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. మట్టి కింద ఏదో పట్టు సడలింది. వదిలించుకున్నట్టు లేదు... వదిలేసినట్టుంది. ఇద్దరం వెనక్కి పడ్డాం. కిటికీ, సొరంగం, వాన. ఎలా పాకామో గుర్తులేదు. పైన అన్నయ్య ఇద్దర్నీ చూసి తిట్టడం కూడా మర్చిపోయాడు.

వదిన జుట్టులో ఒక తెల్లటి పువ్వు ఇరుక్కుని ఉంది. మాస్టారు దాన్ని మెల్లగా తీసి దోసిట్లో పెట్టుకున్నారు.

ఆ పువ్వుతోనే క్వారీ ఆగింది. ఆఫీసువాళ్ళు మాస్టారితో కలిసి ఆ ఇంట్లోకి వెళ్ళి మొక్కలు చూసొచ్చారు. ఆయన తిరిగొచ్చాక ఆ సాయంత్రం మా షాపు దగ్గరికి వచ్చారు. నేను ఏం జరిగిందో అంతా చెప్పాను. ఆయన కాదనలేదు.

"ఆ ఇల్లు ఎప్పుడో నేలమట్టమైపోయిందనుకున్నాను. నా చిన్నప్పుడు అక్కడ ఒకావిడ ఉండేదమ్మా. ఆ మొక్కల్నే పిల్లల్లా చూసుకునేది. తీగ ఇంటిమీదికి వస్తోందని అందరూ బయటికి రమ్మన్నారు. రానంది."

"తర్వాత?"

"రాలేదు" అన్నారు మాస్టారు. ఆయన మళ్ళీ లోయకి వెళ్ళలేదు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే మానేశారు.

క్వారీ ఆగిందని చెబితే వదిన "అలాగా" అంది. అంతే. కుట్టుమిషను మీద గుడ్డ అలాగే ఉండిపోయింది. అన్నం సహించడం లేదంది. నీళ్ళు మాత్రం బిందెడు తాగేది. పొద్దున లేస్తే కిటికీ దగ్గర ఎండలో నిలబడేది. ఎండ జరిగితే తనూ జరిగేది. డాక్టరు రక్తం పరీక్షించి బలహీనత అన్నాడు. నేను టానిక్కులు తెచ్చిపెట్టాను. అన్నయ్య రాత్రులు వ్యాను తీయడం మానేసి తన మంచం పక్కనే కూర్చునేవాడు. "నాతో మాట్లాడదేమే?" అని నన్ను అడిగేవాడు.

నిన్న మధ్యాహ్నం వదిన చేతిగోళ్ళు తీస్తానని కూర్చున్నాను. చిన్నప్పుడు నాకు తను తీసేది. చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా ఉంది. బొటనవేలి గోరు కింద తెల్లటి దారంలాంటిది కనబడింది. కుట్టుపని మనిషి కదా, నూలు పోగేమో అనుకుని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. వచ్చింది. ఇంకా వచ్చింది. జానెడు... మూరెడు... తడిగా, సన్నగా, మట్టి వాసనతో. వదిన మొహంలో నొప్పి లేదు. కిటికీలోంచి ఎండని చూస్తోంది.

"వదిలెయ్ అమ్మడూ" అంది మెల్లగా. చాలా రోజులకి తన గొంతు విన్నాను. "ఆవిడకి తెలుస్తుంది."

నేను వదల్లేదు. వదలాలని చెయ్యికి తోచలేదు.

అప్పుడు నా వేళ్ళ మధ్య ఆ దారం బిగిసింది. ఒకసారి, మెల్లగా, అవతలి కొసని ఎవరో పట్టుకుని లాగి చూసినట్టు.