బొంతలో తీరం

ఎర్రగుంట్ల స్టేషన్‌లో తూటా తిన్న శత్రు కొరియర్ కన్ను మూసే ముందు ఏజెంట్ రఘునాథ్‌కు ఒక్కటే చెప్పాడు. "మ్యాపు... జమ్మలమడుగులో బొంతలు కుట్టే అలివేలమ్మ... మొన్న ఆమె పాతబట్టల మూటలో దాచాను."

టైం రెండున్నర. నాలుగింటికి పేలుడు పదార్థాలతో శత్రువుల బోటు ఓ నిర్జన దీవికి చేరుతుంది. దాని తీరమంతా నిట్టనిలువు రాళ్లు, ముప్పై ఇరుకు సందులు. బోటు ఏ సందులో ఆగాలో, గుడ్డకు అంటించిన 1938 నాటి సర్వే మ్యాపు మీద మేకుతో పొడిచి గుర్తుపెట్టారు. అలాంటి మ్యాపు హెడ్‌క్వార్టర్స్‌లోనూ ఉంది, చిల్లు తప్ప.

ఆ బోటు నడుపుతున్నది మారువేషంలో ఉన్న హర్ష. రఘునాథ్‌కు తోడబుట్టినవాడి కంటే ఎక్కువ. వాడి గుట్టు పొద్దున్నే బయటపడింది. ఒడ్డు చేర్చేదాకా వాడితో పని, తర్వాత తూటా.

మూడు పదికి రఘునాథ్ అలివేలమ్మ పెరట్లో ఉన్నాడు. వెంట కొలీగ్ ప్రత్యూష. నల్లకళ్లద్దాలు, సిల్కు చీర. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము కూడా ఆమె మీద వాలడానికి జంకినట్టుంది.

"కాయితం అంటించిన గుడ్డనా? నానబెట్టి పీకేసినా అప్పా," అంది అలివేలమ్మ. "లోపల గుడ్డ శానా బాగుండె. మనవరాలు పుట్టింది గదా, పసిబిడ్డకు పాతగుడ్డే మెత్తగుంటాది."

తొట్టి పక్కన మ్యాపులోని తీరమంతా ఎండి అట్టకట్టిన గుజ్జు. రఘునాథ్ కూలబడి పిచ్చివాడిలా విడదీశాడు. పొడిపొడి అయింది. ఏడ్చాడు. గూఢచారులు ఏడవకూడదని రూలుంటే ఉండనీ.

"బ్యాడ్ లక్, రఘూ." ప్రత్యూష వీధిలోకి నడిచింది. గోడ అవతల, లిప్‌స్టిక్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్‌లో ఆమె మాట్లాడటం రఘునాథ్‌కు వినిపించింది. "మ్యాపు నాశనం. ప్లాన్ మార్చొద్దు."

ఇంటిదొంగ దొరికింది. అంతమాత్రాన హర్ష బతకడు.

"కాయితానికి అట్ల ఏడుస్తాండావేంది? గుడ్డ బద్రంగా ఉండాది. చిన్న చిల్లుంటే ఎర్రదారంతో కుట్టేసినా."

రఘునాథ్ ఒక్క అంగలో ఇంట్లోకి దూకాడు. బొంత మీద నెలల పాప. పాప పాదం పక్కన ఒకే ఒక ఎర్రకుట్టు.

"టేపు! కాగితం ఏ పక్కన ఉండేది?"

"పైపక్క. మెల్లగా కొలువప్పా, పిల్ల లేస్తాది."

ఆ గుడ్డ నాలుగు అంచుల నుంచీ కుట్టు దాకా కొలిచి ఫోన్‌లో చెప్పాడు. అవతల చీఫ్ మ్యాపు మీద స్కేలు జరుపుతున్న చప్పుడు.

"నడిసముద్రం వస్తోంది, రఘూ!"

"తలకిందులుగా తిప్పి కొలవండి సార్!"

"...పదిహేడో సందు!"

నాలుగింటికి ఒక్క నిమిషం ముందు కోస్ట్‌గార్డ్ ఆ సందులోకి దూసుకెళ్లింది. అప్పటికే పిస్టల్ హర్ష కణతకు ఆనించి ఉంది. కాల్చే వ్యవధి దొరకలేదు. వీధిలో ప్రత్యూషకు బేడీలు పడ్డాయి.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఎవిడెన్స్ వెంటనే సీజ్ చెయ్."

రఘునాథ్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడు కుదరదు సార్. ఎవిడెన్స్ మీద పాప నిద్రపోతోంది."